పాత ‘అను’ తెలుగు ఫాంటు ఫైళ్ళు లినక్స్‌లో తెరుచుకోవడం లేదు, మళ్ళీ విండోస్‌కే వెళ్ళిపోమంటారా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పెళ్ళయినప్పటి నుంచి, అంటే ఇరవై రెండేళ్ళుగా చెన్నైలో, చూళైమేడులో ఉంటున్నాం. ఇంట్లోనే తెలుగు డీటీపీ పని చేసుకుంటాను. శుభలేఖలు, గృహప్రవేశ ఆహ్వానాలు, ఒక భజన మండలి వారి కీర్తనల పుస్తకాలు. నా లాప్‌టాప్ 2016లో కొన్నది. విండోస్ 11కు ఇది పనికిరాదన్నారు. దీపావళికి వచ్చిన మా మేనల్లుడు విండోస్ 10 పక్కనే, విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థ వేసి, ‘అత్తా, ఇక ఇదే వాడుకో’ అని చెప్పి హాస్టల్‌కు వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఒకదాని వెనుక ఒకటి. లినక్స్‌లో వైఫై పేర్లే కనిపించడం లేదు. విండోస్‌లోకి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి చూపిస్తోంది. డి డ్రైవు తెరుచుకుంటుంది కానీ అందులో ఏదీ సేవ్ కావడం లేదు. ప్రింటర్‌తో వచ్చిన సీడీ పెట్టి సెటప్ నొక్కితే చలనం లేదు. అన్నిటికన్నా భయపెట్టింది నా అను ఫైళ్ళు. తెలుగు ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు కనిపిస్తున్నాయి. పదిహేనేళ్ళ పని పోయిందేమోనని ఆ రాత్రి నిద్రపట్టలేదు. మాఘమాసం పెళ్ళిళ్ళ పని మొదలైంది. అంతా తుడిచేసి మళ్ళీ విండోస్ ఒక్కటే వేయించమంటారా?

సమాధానం:

అమ్మా, మీ పదిహేనేళ్ళ పని ఎక్కడికీ పోలేదు. ఫైళ్ళలో ఒక్క అక్షరం కూడా చెడలేదు. విండోస్‌లోకి వెళ్ళి వాటిని తెరవండి, ఎప్పటిలాగే కనిపిస్తాయి. ముందు ఆ పని చేసి స్థిమితపడ్డాక మిగతాది చదవండి.

ఏదీ తుడిచేయించవద్దు. మీ మేనల్లుడు ఒక మంచి పని చేశాడు. విండోస్‌ను తీసివేయకుండా దాని పక్కన లినక్స్ పెట్టాడు. ఈ మాఘమాసం శుభలేఖలన్నీ పేజీలు కట్టడానికి మీ చేతికి అలవాటైన పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లోనే ముగించండి. ముహూర్తం తేదీలు నెత్తిమీద ఉండగా కొత్త పనిముట్టు పట్టుకోమని ఎవరు చెప్పినా వినవద్దు.

మీరు రాసిన అయిదు ఇబ్బందులూ వరుసగా రావడం వల్ల అన్నీ ఒకే జబ్బు లక్షణాల్లా కనిపించి ఉంటాయి. అవి ఒకదానికొకటి సంబంధం లేనివి. నాలుగు ఇబ్బందులు ఒక ఆదివారం కూర్చుంటే తీరిపోతాయి. అయిదోది, అను ఫైళ్ళది, లినక్స్ తెచ్చిపెట్టింది కాదు. అది మీ కంప్యూటర్లో మొదటి రోజు నుంచీ ఉంది. ఇప్పుడు బయటపడింది, అంతే. దాని గురించి వివరంగా చెప్పాలి కాబట్టి చిన్నవాటిని ముందు ముగిస్తాను.

గడియారంతో మొదలుపెడదాం. ఎవరైనా చూసి లోపలి బ్యాటరీ సెల్లు మార్చాలంటే ఒప్పుకోకండి. సెల్లు బలహీనపడితే సమయం ఎంత తప్పుతుందో చెప్పలేం, ఒక్కోసారి తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. మీకు తప్పుతున్నది కచ్చితంగా అయిదున్నర గంటలు. గ్రీనిచ్ సమయానికీ మన సమయానికీ ఉన్న తేడా అదే. మన దేశ సమయాన్ని లెక్కకట్టే 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. కంప్యూటర్ లోపలి గడియారంలో లినక్స్ గ్రీనిచ్ లెక్కన సమయం రాసిపెడుతుంది. విండోస్ వచ్చి అదే అంకెను స్థానిక సమయం అనుకుని చదువుతుంది. ఒకే గోడగడియారాన్ని ఇద్దరు రెండు దేశాల లెక్కన చూస్తున్నారన్నమాట. తాత్కాలికంగా విండోస్‌లో తేదీ, సమయం సెట్టింగుల్లోకి వెళ్ళి ‘సింక్ నౌ’ నొక్కితే సరిపోతుంది. శాశ్వతంగా పోవాలంటే లినక్స్‌కు ఒక చిన్న ఆదేశం ఇవ్వాలి. మీ మేనల్లుడికి ఫోను చేసి, ‘టైమ్‌డేట్‌సీటీఎల్‌తో లోపలి గడియారాన్ని స్థానిక సమయంలో ఉంచమని చెప్పు’ అనండి. అతనికి అరనిమిషం పని.

డి డ్రైవు సంగతి. మీరు విండోస్‌లో షట్ డౌన్ నొక్కినప్పుడు అది నిజంగా పూర్తిగా ఆగిపోదు. మరునాడు త్వరగా లేవడం కోసం తన స్థితిలో కొంత భాగాన్ని డిస్కు మీద రాసిపెట్టి పడుకుంటుంది. దీన్ని ఫాస్ట్ స్టార్టప్ అంటారు. ఆ తర్వాత లినక్స్ వచ్చి చూస్తే డ్రైవు మీద ‘ఇంకా వాడుకలో ఉంది’ అన్న గుర్తు కనిపిస్తుంది. అందుకని చదవనిస్తుంది, రాయనివ్వదు. అది మొండితనం కాదు, మీ ఫైళ్ళు పాడవకుండా కాపలా కాయడం. కాబట్టి ఎవరో చెప్పారని బలవంతంగా రాయించే ఆదేశాలు ఇవ్వకండి. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో చెప్పే చోట ఫాస్ట్ స్టార్టప్ ముందున్న టిక్ తీసేయండి. ఆ టిక్ బూడిదరంగులో ఉండి కదలకపోతే, పైనే ఉన్న ‘ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులు మార్చు’ అన్న వరుసను ముందు నొక్కాలి. అంతవరకూ విండోస్ నుంచి లినక్స్‌కు రావాలంటే షట్ డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కండి. రీస్టార్ట్‌లో అది పూర్తిగా ఆగి లేస్తుంది.

ప్రింటర్ సీడీలో ఉన్నది విండోస్ కోసం రాసిన ప్రోగ్రామ్. లినక్స్‌కు ఆ భాష రాదు. ఆ సీడీని పక్కన పెట్టి, ప్రింటర్‌ను తీగతో కలిపి, మింట్‌లో ప్రింటర్స్ అన్న విభాగం తెరిచి చూడండి. ఈ మధ్య వచ్చిన ప్రింటర్లు చాలావరకు సీడీ లేకుండానే అక్కడ వాటంతట అవే కనిపిస్తాయి. హెచ్‌పీ వారివైతే హెచ్‌పీలిప్ అన్న సాఫ్ట్‌వేర్ మింట్‌తోనే దొరుకుతుంది. చిక్కల్లా పాత చవక లేజర్ ప్రింటర్లతోనే. పేజీని సిద్ధం చేసే బరువంతా కంప్యూటర్ మీదే వేసే రకం అవి. తయారీదారు లినక్స్ కోసం ప్రత్యేకంగా రాసిపెడితే తప్ప కదలవు. మీది అలాంటిదైతే దానితో కుస్తీ పట్టవద్దు. పీడీఎఫ్ తీసుకుని విండోస్ వైపు నుంచి అచ్చు తీయండి. ప్రూఫు కోసం వాడే ప్రింటర్ మీద వారం రోజులు వెచ్చించడం నాకు న్యాయంగా అనిపించదు.

వైఫై కొంచెం ఓపిక అడుగుతుంది. పేర్లు కూడా కనిపించడం లేదంటే, చాలావరకు ఆ వైఫై చిప్పుకు కావలసిన డ్రైవర్, అంటే దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామ్, ఇంకా ఎక్కలేదని అర్థం. డ్రైవర్ తెచ్చుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్‌కు డ్రైవర్ కావాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ తీగతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నిమిషంలో లినక్స్‌కు నెట్ వస్తుంది. అప్పుడు మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరవండి. బ్రాడ్‌కామ్ లాంటి చిప్ అయితే అక్కడ దాని పేరు, దానికి తగిన డ్రైవర్ కనిపిస్తాయి. ఎంచుకుని, ఎక్కించి, రీస్టార్ట్ చేయండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డ్రైవర్ ఎక్కేటప్పుడు అది మిమ్మల్ని ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడగవచ్చు. అడిగితే, మరుసటిసారి కంప్యూటర్ లేచేటప్పుడు నీలిరంగు తెర ఒకటి వస్తుంది. చూసినవాళ్ళు వైరస్ అనుకుని హడలిపోతారు, లేదా ‘కంటిన్యూ’ నొక్కి దాటేస్తారు. దాటేస్తే డ్రైవర్ ఎక్కినట్టే ఉంటుంది, వైఫై మాత్రం రాదు. ఆ తెర సెక్యూర్ బూట్ అనే కాపలాదారు వేసే ప్రశ్న: ‘ఈ కొత్త డ్రైవర్‌ను మీరే రమ్మన్నారా?’ అని. అందులో ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని, మీరు పెట్టిన పాస్‌వర్డ్ కొడితేనే డ్రైవర్‌ను లోపలికి రానిస్తుంది. పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి పెట్టుకోండి. సెక్యూర్ బూట్‌నే ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. అలా చేసేముందు విండోస్‌లో డిస్కుకు వేసే బిట్‌లాకర్ తాళం ఉందేమో చూసుకోండి. ఉంటే, ఆ మార్పు తర్వాత విండోస్ రికవరీ కీ అడుగుతుంది. ఆ 48 అంకెలు చేతిలో లేనివాళ్ళు తమ ఇంటి గుమ్మం బయటే నిలబడిపోతారు.

ఇంతా చేసినా వైఫై రాకపోతే రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి చిన్న యూఎస్‌బీ వైఫై ముక్క ఒకటి కొనుక్కోండి. అట్టపెట్టె మీది కంపెనీ పేరు చూసి కొనకండి, లోపలి చిప్ పేరు అడగండి. ఒకే మోడల్ పేరుతో, వెర్షన్ మారినప్పుడు లోపల వేరే చిప్ పెట్టి అమ్ముతుంటారు. అథెరోస్ ఏఆర్9271 అన్న చిప్ లినక్స్‌లో డ్రైవర్ గొడవ లేకుండా పనిచేస్తుంది. అన్నిటికన్నా మేలైన పద్ధతి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళి, కొట్లోనే గుచ్చి చూసి, వైఫై పేర్లు కనిపించాకే డబ్బులివ్వడం. అక్కడి కొట్లవాళ్ళకు ఇలా పరీక్షించుకునేవాళ్ళు కొత్తేమీ కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

మీరు రాసిన ‘తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు’ అన్న మాట చూసినప్పుడు నాకు ఇరవై ఏళ్ళ నాటి సంగతి గుర్తొచ్చింది. మా మామగారు ఒక శతకం రాశారు. నూటెనిమిది పద్యాలు. 2004లో ఒక ప్రెస్సువారు కంపోజ్ చేసి, పుస్తకంతో పాటు సీడీ కూడా ఇచ్చారు. ఆయన పోయిన తర్వాత, ఆ పద్యాలను మనవలకు పంపుదామని సీడీ పెట్టి చూశాను. ఫైలు తెరుచుకుంది. ఒక్క పద్యం కూడా లేదు. వరుసలకు వరుసలు అర్థంలేని రోమన్ అక్షరాలు. ప్రెస్సు మూతపడింది, ఆ ఫాంటు ఏదో చెప్పగలిగేవాళ్ళు లేరు. చివరికి అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని నూటెనిమిదీ మళ్ళీ టైపు చేశాను. అప్పుడు నేను వాడుతున్నది విండోసే. అందుకే చెబుతున్నాను, ఇది లినక్స్ తెచ్చిన కష్టం కాదు.

ఎందుకిలా అవుతుంది? మీరు అచ్చు పనిలో ఉన్నారు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. సీసపు అక్షరాల కాలంలో ఇదే ఊళ్ళో, మద్రాసు ప్రెస్సుల్లో, తెలుగు కంపోజిటర్ ముందు గళ్ళ పెట్టె ఉండేది. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో గుడి, ఇంకొక గడిలో వత్తు. చేతికి ఏ గడిలో ఏముందో తెలుసు కాబట్టి ముక్కలు ఏరి పదం పేర్చేవాడు. అను ఫాంటు కూడా అలాంటి గళ్ళ పెట్టే. కాకపోతే ఆ గళ్ళ మీద అతికించిన చీటీలు ఇంగ్లీషు అక్షరాలు. మీరు ‘లక్ష్మి’ అని కొట్టినప్పుడు ఫైలులో చేరేది ‘లక్ష్మి’ కాదు, ఫలానా ఫలానా గళ్ళ చీటీల వరుస. అను ఫాంటు ఉన్నంతసేపూ ఆ చీటీలు చూసి తెలుగు ముక్కలు గీసి చూపిస్తుంది. ఫాంటు లేకపోతే మిగిలేవి చీటీలే. మీకు లినక్స్‌లో కనిపించినవి అవే.

యూనికోడ్ పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అందులో ‘క’కు తనదైన సంఖ్య ఉంది, ‘ష’కు తనదైన సంఖ్య ఉంది, పొల్లుకూ గుడికీ కూడా ఉన్నాయి. తెలుగు కోసం 128 స్థానాలు ప్రత్యేకంగా కేటాయించారు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. లినక్స్ పుట్టింది కూడా అదే సంవత్సరం. ఫైలులో చేరేది అక్షరం, దానికి ఆకారం ఇవ్వడం ఒక్కటే ఫాంటు పని. ఫాంటు మార్చినా, కంప్యూటర్ మార్చినా, ఫోన్‌లో తెరిచినా అది తెలుగుగానే ఉంటుంది. మీ పాత ఫైళ్ళన్నిటిలో ‘భారద్వాజస గోత్రం’ అని వెతికితే కంప్యూటర్ ఒక్క శుభలేఖనైనా చూపించగలదా? అనులో ఉన్నంతకాలం చూపించలేదు, ఎందుకంటే దాని లెక్కలో మీరు తెలుగు రాయనే లేదు. మీ పెట్టెలో పదిహేనేళ్ళ తెలుగు ఉంది, దాని తాళంచెవి మాత్రం ఒక ఫాంటు చేతిలో ఉంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. మన రాష్ట్రాల్లోనూ, ఇక్కడ చెన్నైలోనూ ఎన్ని చిన్న పత్రికలు, ఎన్ని కుటుంబ చరిత్రలు, ఎన్ని కీర్తనలు ఇలా చీటీల వరుసలుగా సీడీల్లో పడి ఉన్నాయో.

పేజ్‌మేకర్ పరిస్థితి కూడా గుర్తుచేస్తాను. దాని చివరి ప్రధాన వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. విండోస్ 10కు మామూలుగా అందే భద్రతా నవీకరణలు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మీ లాప్‌టాప్ 2016 నాటిది. విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునేది దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి, అవి వచ్చింది 2017లో. కాబట్టి మీరు లినక్స్‌ను తుడిచేసినా, ఈ ప్రశ్న రెండేళ్ళకో మూడేళ్ళకో మళ్ళీ మీ తలుపు తడుతుంది. కొత్త లాప్‌టాప్ కొన్నా తడుతుంది.

అందుకని నా సలహా ఇది. విండోస్‌ను అచ్చు పనికి మాత్రమే ఉంచండి. దానిలో వైఫై ఆపేయండి. బ్యాంకు, మెయిలు, కస్టమర్లు పంపే ఫైళ్ళు తెరవడం అన్నీ లినక్స్ వైపు. వాటికి బ్రౌజర్ చాలు, ఏ ఇబ్బందీ ఉండదు. మెయిల్లో వచ్చిన పెళ్ళికూతురి ఫోటో డి డ్రైవులో పెట్టి, విండోస్‌లోకి వెళ్ళి పేజీ కట్టి, పీడీఎఫ్ తీసి, మళ్ళీ లినక్స్ నుంచి పంపండి. ఆండర్సన్ స్ట్రీట్ కార్డుల వాళ్ళయినా, శివకాశి ప్రెస్సులయినా పీడీఎఫ్ తీసుకుంటారు. పీడీఎఫ్‌లో ఫాంటు ఆకారాలు లోపలే ఉంటాయి కాబట్టి అది ఎక్కడ తెరిచినా మీరు కట్టినట్టే కనిపిస్తుంది. వీలైతే పాత పనులన్నిటికీ ఇప్పుడే ఒక్కొక్క పీడీఎఫ్ తీసి దాచండి. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఆ పీడీఎఫ్ కంటికి తెలుగే, కానీ అందులోంచి వాక్యం కాపీ చేస్తే మళ్ళీ ఆ చీటీలే వస్తాయి.

వైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో లినక్స్‌లోనే పేజ్‌మేకర్ నడపవచ్చని ఎవరైనా చెప్పవచ్చు. పేజ్‌మేకర్ ఎలాగోలా లేచినా, అను కీబోర్డు ప్రోగ్రామ్ దానితో సరిగా కలుస్తుందని నేను భరోసా ఇవ్వలేను. మీ జీవనోపాధిని దాని మీద పెట్టకండి. లిబ్రే ఆఫీస్‌లోని డ్రా ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవగలదు. పాత పనిలో ఏముందో తొంగిచూడటానికి అది బాగుంటుంది కానీ కట్టిన పేజీ కట్టినట్టు వస్తుందని ఆశపెట్టుకోకండి.

ఇక కొత్త పని. మాఘం ముగిశాక, తొందర లేని ఒక పనిని ఎంచుకోండి. నన్నడిగితే భజన మండలి వారి కీర్తనల పుస్తకం. అందులో అలంకారం తక్కువ, పాఠం ఎక్కువ, పైగా ఏటా మళ్ళీ వేస్తారు. ముందు టైపింగ్. మింట్‌లో ఇన్‌పుట్ మెథడ్ విభాగంలో ఐబస్ ఎక్కించుకుని, దానికి ఎం17ఎన్ అన్న జోడింపు కూడా పెట్టి, ఒకసారి లాగవుట్ అయి రండి. తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లాంటి కీబోర్డు వరుసలతో పాటు ఆపిల్ వరుస కూడా కనిపిస్తుంది. అనులో మీ చేయి ఆపిల్ కీబోర్డుకు అలవాటుపడి ఉంటే దాదాపు అవే వేళ్ళు, అవే అక్షరాలు. కొన్ని మీటలు తేడాగా ఉంటాయి, వాటిని ఒక కాగితం మీద రాసి తెరకు అతికించుకోండి. వారంలో ఆ కాగితం అవసరం ఉండదు.

ఫాంట్ల విషయంలో నిజం దాచను. అనులో ఉన్నన్ని సోకుల ఫాంట్లు యూనికోడ్‌లో లేవు. కానీ మునుపటి కరవు లేదు. సిలికానాంధ్ర వారు ఉచితంగా విడుదల చేసిన వాటిలో పాఠానికి మండలి చక్కగా ఉంటుంది, శీర్షికలకు రామభద్ర నిండుగా నిలబడుతుంది. ధూర్జటి, పెద్దన, తిమ్మన, సురన్న, రవిప్రకాష్ కూడా తెచ్చి పెట్టుకోండి. పోతన2000, వేమన2000 పాతవే అయినా పుస్తకంలో కంటికి హాయిగా ఉంటాయి. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. విండోస్‌లో గౌతమి ఫాంటుతో చేసిన వర్డ్ ఫైలు లినక్స్‌లో తెరిస్తే అక్షరాలు సరిగ్గానే వస్తాయి, వరుసలు మాత్రం జరిగిపోతాయి. ఆ ఫాంటు ఇక్కడ లేదు కాబట్టి వేరే ఫాంటు ఆ చోటు తీసుకుంటుంది. అది చూసి ఫైలు చెడిందనుకోకండి.

పేజీ కట్టడానికి స్క్రైబస్. దీని పాత 1.4 వెర్షన్లలో తెలుగు వత్తులు విడిపోయేవి. ఆ రోజుల్లో చూసి పెదవి విరిచినవాళ్ళు ఇప్పటికీ ‘అందులో తెలుగు రాదు’ అంటుంటారు. 1.6 వెర్షన్‌లో ఆ బాధ లేదు. ఎక్కించేటప్పుడు వెర్షన్ సంఖ్య ఒక్కసారి చూసుకోండి. పేజ్‌మేకర్‌లా చేతికి తగలదు, మొదటి వారం విసుగు వస్తుంది. ప్రెస్సుకు కావలసిన నాలుగు రంగుల విభజన, బంగారు రంగులాంటి ప్రత్యేక రంగుకు వేరే ప్లేటు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఒక్క పేజీ కార్డులకు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్ తేలిక, కానీ అచ్చు రంగుల విషయంలో దాని మీద ఆధారపడకండి.

‘కల్యాణ మహోత్సవ ఆహ్వానము’ లాంటి శీర్షికకు అనులోని ఆ ఒక్క ఫాంటే కావాలని కస్టమర్ పట్టుబడితే, దానికీ దారి ఉంది. ఆ ఒక్క వరుసను విండోస్‌లో అనులోనే కట్టి పీడీఎఫ్ తీసి, లినక్స్‌లో బొమ్మలా తెచ్చి పెట్టండి. మిగతా పాఠమంతా యూనికోడ్‌లో ఉంటుంది. శీర్షిక ఎలాగూ మారదు. మారేవి పేర్లు, తేదీలు, గోత్రాలు.

పాత అను పాఠాన్ని యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. పదిహేనేళ్ళదీ ఒకేసారి మార్చడానికి కూర్చోకండి. అవసరం వచ్చిన దాన్నే మార్చండి. మీ అను 6 వెర్షనా, 7 వెర్షనా చూసుకుని కన్వర్టర్‌లో అదే ఎంచుకోండి. తప్పు ఎంచుకుంటే కొన్ని వత్తులు చడీచప్పుడు లేకుండా మారిపోతాయి. మార్చిన తర్వాత ప్రతి వరుసా చదవాలి. మూడు వత్తులు కలిసిన చోట, ఋకారాలు, అరసున్నలు ఉన్న చోట మరీ నిదానంగా చూడండి. శుభలేఖల్లో ఇంకొక ప్రమాదం కూడా ఉంది. వరుడి పేరు పక్కన ఇంగ్లీషులో ఉండే డిగ్రీలను, మెయిల్ చిరునామాలను కూడా కన్వర్టర్ అను చీటీలే అనుకుని తెలుగు ముక్కలుగా మార్చేస్తుంది. వాటిని ముందే తీసి పక్కన పెట్టి, చివరలో చేత్తో చేర్చండి. శుభలేఖలో ఇళ్ళ చిరునామాలు, ఫోను నంబర్లు ఉంటాయి కాబట్టి తెలియని వెబ్‌సైట్‌లో మొత్తం పాఠం అతికించే ముందు వాటినీ తొలగించండి.

ఏ మార్పు మొదలుపెట్టినా, ముందు మీ ఫైళ్ళు బయటి హార్డ్ డిస్కులో ఒక ప్రతి, మీ అక్క ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో ఇంకొక ప్రతి ఉండాలి. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనేది ఉంది, అది అన్నీ కాపాడుతుందని చాలామంది నమ్ముతారు. అది కాపాడేది లినక్స్ వ్యవస్థను. మీ ఫైళ్ళను, ప్రత్యేకంగా చెబితే తప్ప, అది ముట్టుకోదు. ఇంకొకటి, ఎప్పుడైనా విండోస్ అప్‌డేట్ తర్వాత లినక్స్ మాయమైనట్టు కనిపిస్తే కంగారుపడకండి. కంప్యూటర్ లేవగానే నడిచే బయోస్ సెట్టింగుల్లో ఎవరు ముందు లేవాలన్న వరుస మారి ఉంటుంది, దాన్ని సరిచేస్తే తిరిగి వస్తుంది.

తెర మీద ఏ తప్పు సందేశం వచ్చినా మూసేయకుండా ఫోన్‌తో ఫోటో తీయండి. ‘పనిచేయడం లేదు’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు, ఆ ఫోటో చూస్తే మీ మేనల్లుడు హాస్టల్ నుంచే చెప్పగలడు. అతను దొరకని రోజు కూడా మీరు ఒంటరి కారు. ప్రభుత్వం తరఫున సీడాక్ అనే పరిశోధన సంస్థ తయారుచేసిన బాస్ లినక్స్ వెనుక ఉన్నది ఈ చెన్నైలోని కేంద్రమే. ఇక్కడి లినక్స్ వాడుకరుల సంఘం ఏళ్ళ తరబడి ఐఐటీ మద్రాస్‌లో నెలకోసారి కలుసుకుంటూ వచ్చింది. తెలుగు టైపింగ్, తెలుగు ఫాంట్ల సందేహాలకు హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు ఉన్నారు, వాళ్ళు లినక్స్‌నే తెలుగులోకి తెచ్చినవాళ్ళు.

కీర్తనల పుస్తకంలో మొదటి పేజీ స్క్రైబస్‌లో కట్టాక, విండోస్ వైపు ఒకసారి, లినక్స్ వైపు ఒకసారి ఆ పీడీఎఫ్ తెరిచి, కాగితం మీద కూడా అచ్చు తీసి మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ‘లక్ష్మి’లో మకారపు వత్తు ఎక్కడ కూర్చుందో మీ కన్ను ఇట్టే పట్టేస్తుంది. అది కుదురుగా లేకపోతే ఆ ఫాంటు పేరు, మింట్‌లో సిస్టమ్ రిపోర్ట్స్ చూపించే మీ వైఫై చిప్ పేరు, రెండూ రాసి పంపండి.